రత్నముల రంగులు

దక్షిణ తెలంగాణములోని దేవరకొండను సమీపించు బాటసారికి కొండమీది కోట దూరమునుండియే కనిపించును. పదునాలుగవ శతాబ్దమున రేచర్ల పద్మనాయకులు రాచకొండను, దేవరకొండను ముఖ్యస్థానములుగా చేసికొని ఏలిన కాలమున ఈ దుర్గము మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది. నేడు ప్రాకారములు శిథిలము లైనను ఆ గోడలలోని రాళ్ళు మాత్రము చెక్కు చెదరక నిలిచి యున్నవి. వానిని దగ్గఱగా చూచినచో ఒక విశేషము కనిపించును. దూరమునకు బూడిదరంగుగా తోచిన రాయి నిజమునకు ఒక రంగుది కాదు. అందు గులాబివన్నె పలుకులు కొన్ని, గాజువలె మెఱయు పలుకులు కొన్ని, తళుకుమను నల్లని రేకులు కొన్ని కలిసి యుండును. గులాబివన్నెది ఫెల్‌స్పారు. గాజువంటిది పలుగురాయి. నల్లని రేకు అభ్రకము. దానినే జనులు కాకిబంగార మందురు. ఈ మూడును కలిసి గట్టిపడినదే నల్లరాయి. ఈ ప్రాంతపు శిలలు సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటివని భూగర్భ శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి.

తొలకరివానకు చెలకలు దున్నునపుడు నాగటిచాలులో తెల్లని పలుగురాళ్ళు బయటపడుచుండును. చీకటిలో రెండు పలుగురాళ్ళను గట్టిగా రాపిడి చేసినచో వాని నడుమ చిన్న వెలుగు పుట్టును. పల్లెటూరి బాలు రందఱును ఎఱిగిన వినోద మిది. అయితే ఆ పలుగురాయియే భూమిలోపల తీరికగా, అడ్డులేకుండ పెరిగినచో ఆఱు పలకల స్ఫటిక మగును. దానిలో లేశమాత్రము ఇనుము చేరి, చుట్టునున్న శిలలలోని సహజకిరణములు సోకినచో ఊదారంగు పొంది అమెథిస్టు అను రత్న మగును. చాలులో కాలికి తగులు రాయియు, అంగడిలో అద్దాలపెట్టెలో వెలుగు రాయియు ఒకే వంశమునకు చెందినవి యని దీనివలన తెలియుచున్నది. మఱి ఒకదానిని పొలముగట్టున పాఱవైచి, మఱియొకదానిని మెడలో ధరించుటకు కారణ మేమి?

రత్నమునకు మూడు గుణములు ముఖ్యములు. మొదటిది అందము: అనగా రంగు, మెఱుపు, నిర్మలత్వము. రెండవది గట్టిదనము. మూడవది దుర్లభత్వము. ఎంత అందమైన రాయి యైనను చేతి రాపిడికే అరిగిపోయిన యెడల అది ఆభరణమునకు పనికిరాదు. ఎంత గట్టి రాయి యైనను అడుగడుగునకు దొరకినచో దానికి వెల యుండదు. ఈ మూడు గుణములును కూడిన రాయినే మన పెద్దలు జాతిరాయి యనిరి.

మన దేశమున రత్నములు తొమ్మిది యని ప్రసిద్ధి. ఎఱ్ఱనిది మాణిక్యము, దానినే కెంపు అందురు. తెల్లని కాంతి గలది ముత్యము. సిందూరపు ఛాయ గలది పగడము. ఆకుపచ్చనిది మరకతము, తెలుగున పచ్చ యని వ్యవహారము. పసుపుపచ్చనిది పుష్యరాగము. నిర్మలమై నిప్పుకణమువలె వెలుగునది వజ్రము. నీలవర్ణము గలది నీలము. తేనెవన్నె గలది గోమేధికము. పిల్లికన్నువలె నడుమ వెలుగుగీత గలది వైడూర్యము. సూర్యునికి మాణిక్యము, చంద్రునికి ముత్యము, అంగారకునికి పగడము, బుధునికి మరకతము, గురువునకు పుష్యరాగము, శుక్రునికి వజ్రము, శనికి నీలము, రాహువునకు గోమేధికము, కేతువునకు వైడూర్యము చెందునని జ్యోతిషము చెప్పును. గ్రహముల రంగులకును రాళ్ళ రంగులకును గల పోలికలనుబట్టి ఈ ముడి పడినది. ఎఱ్ఱగా ఉదయించు సూర్యునికి కెంపును, చల్లని వెన్నెలఱేనికి ముత్యమును అమర్చిన పూర్వుల ఊహ చక్కనిది.

రత్నములు పుట్టిన విధమును గుఱించి గరుడపురాణమున ఒక కథ కలదు. బలుడను అసురుడు దేవతలను జయించి గర్వించెను. దేవతలు వానిని యుద్ధమున గెలువజాలక ఒక యాగమునకు పశువు కావలెనని యాచించిరి. దానవు డైనను ఆడిన మాట తప్పక వాడు తన దేహమును సమర్పించెను. వాని యెముకలు వజ్రము లయ్యెను. దంతములు ముత్యము లయ్యెను. రక్తము మాణిక్యము లయ్యెను. పిత్తము మరకతము లయ్యెను. కన్నులు నీలము లయ్యెను. కథ కథయే యైనను ఇందు ఒక భావము దాగి యున్నది. దానగుణమువలన అసురుని దేహము సైతము లోకమునకు అలంకార మైనది.

అయితే మన పూర్వులు కథలతో తృప్తి చెంది యూరకుండలేదు. రాళ్ళను పరీక్షించు విద్యను శాస్త్రముగా పెంపొందించిరి. కౌటిల్యుని అర్థశాస్త్రమున రాజు బొక్కసమున చేర్చదగిన రత్నములను పరీక్షించు విధానమునకు ఒక ప్రకరణమే కలదు. ఆఱవ శతాబ్దమునకు చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో వజ్రమును, ముత్యమును, పద్మరాగమును, మరకతమును వేఱువేఱు అధ్యాయములలో వర్ణించెను. బుద్ధభట్టు రత్నపరీక్ష యను గ్రంథమును రచించెను. రంగు ఎట్లున్నది, లోపల పగులున్నదా, మచ్చయున్నదా, కాంతి ఎంతదూరము ప్రసరించుచున్నది అని వారు ఒక్కొక్క గుణమును, ఒక్కొక్క దోషమును పేరు పెట్టి లెక్కించిరి. తూచుటకు గురివిందగింజ తూనికరాయి యయ్యెను. చెట్టు కాయలలోని మంజాడి గింజయు అట్లే వాడుకలో నుండెను. గోలకొండ రాజ్యమున వజ్రవర్తకులు వాడిన మాంజెలి యను తూనికకు ఈ తెలుగుమాటయే మూలము. నేడు ప్రపంచమంతటను రత్నములను కారెట్లలో తూచెదరు. ఒక కారెట్టు గ్రాములో అయిదవ వంతు, అనగా 200 మిల్లీగ్రాములు. ఆ పేరు కూడ మధ్యధరా సముద్రతీరపు కారబ్ చెట్టు గింజనుండి వచ్చినదే. ఏ దేశమున జూచినను విలువైన రాతిని తూచుటకు మనుష్యునికి మొట్టమొదట దొరకినది ఒక చిన్న గింజయే!

రాతికి రంగు ఎట్లు వచ్చును? ఈ ప్రశ్నకు సమాధానము దొరకుటకు ఆధునిక రసాయన శాస్త్రము పుట్టవలసి వచ్చినది. కెంపును నీలమును చూచినవారు అవి రెండు వేఱు జాతులని తలంతురు. నిజమున కవి తోబుట్టువులు. రెండును కురువిందమే. అల్యూమినియమును, ప్రాణవాయువును కలిసి ఏర్పడిన పదార్థ మది. కల్తీ లేని కురువిందమునకు రంగే యుండదు. దానిలో స్వల్పముగా క్రోమియము చేరినచో కెంపగును. ఇనుమును, టైటానియమును చేరినచో నీల మగును. పాశ్చాత్యులు ఈ రాతికి పెట్టిన కొరండమ్ అను పేరు మన దక్షిణదేశపు కురువింద శబ్దమునుండి వెళ్ళినదే.

మరకతము కథ మఱింత చిత్రమైనది. అది బెరిల్ అను వేఱొక ఖనిజము. దానికి పచ్చదన మిచ్చునది తఱచుగా ఆ క్రోమియమే! కెంపును ఎఱ్ఱగా చేసిన మూలకమే మరకతమును పచ్చగా చేయుట యెట్లు? తెల్లని సూర్యకాంతిలో ఏడు రంగులు కలవు. రాతిలోనికి ప్రవేశించిన కాంతిలో క్రోమియము కొన్ని రంగులను మ్రింగి, కొన్నింటిని విడిచిపుచ్చును. విడిచిన రంగులే మన కంటికి చేరును. క్రోమియము చుట్టును ఉన్న పరమాణువుల అమరికనుబట్టి అది మ్రింగు రంగులు మాఱును. కురువిందములో పచ్చదనమును మ్రింగి యెఱుపును పంపును. బెరిల్‌లో ఎఱుపును మ్రింగి పచ్చదనమును పంపును. ఒకే మనుష్యుడు ఒక యింట పెద్దకొడుకుగను, మఱియొక యింట అల్లుడుగను వేఱువేఱు తీరుల మెలగునట్లు, ఒకే మూలకము తాను చేరిన యింటినిబట్టి వేఱు రంగు చూపుచున్నది.

వైడూర్యములోని వెలుగుగీతకు కారణము వేఱు. ఆ రాతిలో వెండ్రుకకంటె సన్నని సూదులో, గొట్టములో ఒకే దిక్కునకు వరుసగా పేర్చినట్లుండును. రాతిని గుండ్రముగా సానబట్టినపుడు వానిపై పడిన కాంతి ఒక్క గీతగా కూడి మెఱయును. ముత్యమును పగడమును అసలు భూమిలో పుట్టిన రాళ్ళే కావు. అవి సముద్రజీవులు నిర్మించినవి, సున్నపుజాతివి. కావుననే పులుసుపదార్థములు తగిలినచో అవి చెడిపోవును.

రాళ్ళ గట్టిదనమును కొలుచుటకు 1812లో ఫ్రెడరిక్ మోస్ అను జర్మను శాస్త్రజ్ఞుడు పది మెట్ల కొలబద్దను కల్పించెను. గట్టిరాయి మెత్తని రాతిపై గీత పెట్టగలదు. మెత్తనిది గట్టిదానిపై పెట్టలేదు. ఇదియే దానికి ఆధారము. మెత్తని సుద్దజాతి రాయి మొదటి మెట్టు. మన గోరు రెండవ మెట్టునకు కొంచెము పైన నుండును. పలుగురాయి ఏడవ మెట్టు, పుష్యరాగము ఎనిమిదవది, కురువిందము తొమ్మిదవది, వజ్రము పదవది. ఇందు పలుగురాయి స్థానము గమనింపదగినది. గాలిలో ఎగురు ధూళిలో పలుగురాతి పొడి యుండును. కావున ఏడవ మెట్టుకంటె మెత్తనివగు రాళ్ళు ప్రతిదినము తుడిచిన తుడుపునకే మెల్లమెల్లగా మెఱుగు కోల్పోవును. అంతకంటె గట్టివి తరతరములు నిలుచును. నవరత్నములలో అధికభాగము ఈ గట్టిజాతివే యగుట యాదృచ్ఛికము కాదు.

రత్నములతో తెలుగుదేశమునకు గల సంబంధము మిక్కిలి ప్రాచీనమైనది. పూర్వపు దేవరకొండ తాలూకాలో కృష్ణాతీరమున ఏలేశ్వరమను గ్రామ ముండెను. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగినది; ఆ నిర్మాణమువలన మునిగిపోవు ప్రాచీనస్థలములను ముందుగా త్రవ్వి పరిశీలింపవలసి వచ్చెను. ఆవలియొడ్డున నాగార్జునకొండలో 1954 నుండి 1960 వఱకు త్రవ్వకములు సాగినవి. ఏలేశ్వరములోను పురావస్తుశాఖవారు త్రవ్విరి. శాతవాహనుల, ఇక్ష్వాకుల కాలమునాటి యిండ్లు, విహారములు, నాణెములతోపాటు పూసలును వెలువడినవి. ఒక పూస చేయుట సామాన్యమైన పని కాదు. రాతిని పగులగొట్టి, చిన్న చిన్న చెక్కులుగా తీసి, గండశిలపై అరగదీసి, నడుమ సన్నని రంధ్రము తొలిచి, చివరకు మెఱుగు పెట్టవలెను. రంధ్రము తొలుచునప్పుడు పగిలినచో అంతవఱకు పడిన శ్రమయంతయు వ్యర్థము. పేరు తెలియని ఆ పనివాండ్ర ఓర్పు నేటికిని ప్రదర్శనశాలలలో నిలిచి యున్నది. ఏలేశ్వరము మాత్రము జలాశయమున మునిగినది.

తెలంగాణపు రంగురాళ్ళు సముద్రములు దాటి వెళ్ళినవనుటకును సాక్ష్యము కలదు. కొత్తగూడెము సమీపమున గరీబుపేట యను గ్రామము కలదు. అచటి గుట్టలో గార్నెట్టు అను ఎఱ్ఱరాయి లభించును. దానిమ్మగింజవలె నుండుటచే దానికి ఆ పేరు వచ్చినది. లాటిను భాషలో దానిమ్మకు గల పేరే దానికి మూలము. పుదుచ్చేరి చెంత అరికమేడు అను ప్రాచీన రేవుపట్టణమున దొరకిన గార్నెట్టు పూసలను శాస్త్రజ్ఞులు సూక్ష్మదర్శినితో పరీక్షించిరి. రాతి లోపల చిక్కుకొన్న ఇతర ఖనిజముల పలుకులు, రసాయనముల పాళ్ళు గరీబుపేట రాతితో సరిపోయినవి. 2017లో ఈ సంగతి ప్రకటింపబడినది. ఐరోపాలో అయిదవ శతాబ్దమునుండి ఏడవ శతాబ్దము వఱకు రాజకుటుంబములు ధరించిన ఆభరణములలోని గార్నెట్టులలో ఒక తెగకును ఈ రాతికిని దగ్గఱి పోలిక యున్నట్లు పరిశోధకులు గుర్తించిరి. మనుష్యునకు వ్రేలిముద్ర యెట్టిదో రాతికి దాని లోపలి మచ్చ అట్టిది. అంగడిలో దోషమనిపించుకొన్న మచ్చయే చరిత్రకారునికి సాక్షి యైనది.

అయితే నవరత్నములన్నియు మన నేలలో పుట్టినవి కావు. మేలైన కెంపులు బర్మానుండి, నీలములు సింహళమునుండి, ముత్యములు మన్నారు సింధుశాఖనుండియు పారశీక సింధుశాఖనుండియు వచ్చుచుండెను. పదునాఱవ శతాబ్దము తరువాత పోర్చుగీసువారు మొదలగువారి ద్వారా దక్షిణ అమెరికాలోని కొలంబియా మరకతములు మన దేశమున ప్రవేశించినవి. ఇంతటి వర్తకము సాగుటకు వర్తకునికి అభయము కావలెను. పూర్వము తుపానుకు కొట్టుకొని వచ్చిన యోడలలోని సరకును తీరప్రాంతపు రాజులు దోచుకొను ఆచార ముండెడిది. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున శాసనము వేయించి ఆ దురాచారమును మాన్పించెను. న్యాయమైన సుంకము మాత్రమే తీసికొందునని వర్తకులకు అభయ మిచ్చి, ఏ వస్తువునకు ఎంత సుంకమో ఆ రాతిపై చెక్కించెను. అందు ముత్యములును పగడములును పేర్కొనబడినవి.

పదుమూడవ శతాబ్దాంతమున వెనిసు యాత్రికుడు మార్కోపోలో ఈ తీరమును గుఱించి వ్రాయుచు ఒక వింతకథను చెప్పెను. వజ్రములు పాములతో నిండిన లోతైన లోయలలో నుండునట. జనులు పైనుండి మాంసపు ముద్దలను విసరుదురట. వజ్రములు వాని కంటుకొనగా గ్రద్దలు ఆ మాంసమును పైకి తెచ్చునట. ఇట్టి కథ ఇతరదేశములలో అంతకుముందు నుండియే ప్రచారమున నుండెను. అయితే ఆయన వ్రాసిన మఱియొక మాట మాత్రము నిజము. వానలు వెలిసిన పిమ్మట వాగులు ఎండినపుడు ఇసుకలో వజ్రములు దొరకునని ఆయన చెప్పెను. వజ్రములు భూమిలో 150 కిలోమీటర్లకు పైగా లోతున పుట్టి, అగ్నిశిలలతో పైకి వచ్చి, శిలలు శిథిలము కాగా వాగుల వెంట కొట్టుకొని వచ్చును. అట్టి శిలలు మహబూబునగరు ప్రాంతమున నారాయణపేట, మద్దూరు, కోటకొండ పరిసరములలో కలవు. వానిని కింబర్లైటు లందురు. అవి సుమారు 110 కోట్ల సంవత్సరముల నాటివి. వానియందు లాభసాటిగా వజ్రములు మాత్రము లభింపలేదు.

వజ్రములకు పేరుగాంచినది కృష్ణాతీరమందలి కొల్లూరు. అవి గోలకొండ అంగడిలో అమ్ముడు పోవుటచే లోకమున గోలకొండ వజ్రములని ప్రసిద్ధి కెక్కినవి. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే 1630 మొదలు 1668 వఱకు ఆఱుసారులు తూర్పుదేశములకు ప్రయాణించి, ఈ గనిని కన్నులార చూచి వ్రాసెను. తన కాలమునకు సుమారు నూఱేండ్ల క్రిందట ఒక పేదవాడు పైరు విత్తుటకు నేల త్రవ్వుచుండగా ఇరువదియైదు కారెట్ల రాయి దొరకినదనియు, అదియే ఆ గనికి మొదలనియు ఆయన తెలుసుకొనెను. ఆయన చూచునప్పటికి అచట సుమారు 60,000 మంది పనిచేయుచుండిరి. పురుషులు త్రవ్వుచుండిరి. స్త్రీలును పిల్లలును మన్ను మోయుచుండిరి. ఆ మన్నును గోడలు కట్టిన చదునుచోట పోసి, నీటితో కడిగి, బురదను వెళ్ళగొట్టి, ఎండబెట్టి, చేటలతో చెఱిగి, మిగిలిన గులకరాళ్ళలో వజ్రములకై వెదకుచుండిరి. ఇంత శ్రమకు లభించిన కూలి యెంత? మఱియొక గనిలో తన పనియందు ఆఱితేరిన కూలివానికి సైతము ఏడాదికి మూడు వరహాలే ముట్టుచుండెనని ఆయన వ్రాసెను. ఒకడు ఒక చిన్న వజ్రమును కంటిమూలలో దాచుకొని పట్టుబడెను. రాయి ఎంత గట్టిదో, కంటిపాప ఎంత మెత్తనిదో తలచుకొన్నచో రత్నముల చరిత్రలో ఎవరి బ్రతుకు చేరలేదో తేటపడును. కొల్లూరు గని నేడు పులిచింతల జలాశయపు నీటిలో నున్నది.

వజ్రము తెల్లనిదే యని అనేకుల యభిప్రాయము. కాని రంగువజ్రములే మిక్కిలి యరుదు. టావెర్నియే మన దేశమునుండి ఒక నీలి వజ్రమును కొనిపోయి 1668లో ఫ్రాన్సు రాజు పదునాల్గవ లూయీకి అమ్మెను. అది కొల్లూరు గనిదే యని విశ్వసింతురు. 1673లో దానిని మరల చెక్కించిరి. 1792లో ఫ్రెంచి విప్లవ సమయమున అది దొంగిలింపబడెను. తరువాత చిన్నదిగా కోయబడి, లండనులో హోప్ అను ధనికుని చేతికి చేరి హోప్ వజ్రమని పేరొందెను. 1958లో హారీ విన్‌స్టను అను వర్తకుడు దానిని అమెరికాలోని స్మిత్‌సోనియను సంస్థకు దాన మిచ్చెను. దాని తూకము 45.52 కారెట్లు. దానిని ధరించినవారికి కీడు కలుగునను వదంతి కలదు; అది అమ్మకమునకై పెంచిన కట్టుకథ. ఆ నీలివన్నెకు కారణము లేశమాత్రపు బోరాను. జర్మనీలోని డ్రెస్డెను నగరమున 41 కారెట్ల పచ్చని వజ్రము కలదు. భూమిలోని సహజకిరణములు సోకుటచే దానికి ఆ రంగు వచ్చినది. 1739లో నాదిర్షా ఢిల్లీనుండి కొల్లగొట్టిన దరియానూరు గులాబివన్నె వజ్రము. అది నేడు టెహరానులో నున్నది. దానిలో అన్యపదార్థ మేదియు చేరలేదు. భూగర్భమున కలిగిన ఒత్తిడికి స్ఫటికముయొక్క అమరిక కొంచెము వంగుటయే ఆ గులాబివన్నెకు కారణమని శాస్త్రజ్ఞుల మతము. హైదరాబాదు నిజాము వంశీయుల రత్నాభరణములు 173 వస్తువులను భారత ప్రభుత్వము 1995లో 218 కోట్ల రూపాయలకు కొని జాతి సొత్తుగా భద్రపఱచినది.

రంగును జూచి రాతిని నమ్మరాదనుటకు రాజులే సాక్షులు. ఇంగ్లండు రాజకిరీటమున ముందుభాగమున వెలుగు పెద్ద ఎఱ్ఱరాతిని శతాబ్దములపాటు కెంపని నమ్మిరి. అది స్పినెల్ అను వేఱొక ఖనిజమని పిమ్మట తేలినది. నేటి సామాన్యునికి ఈ చిక్కు మఱింత హెచ్చినది. 1902లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వెర్నుయి అల్యూమినియపు భస్మమును మంటలో కరగించి కెంపును తయారు చేయు విధానమును ప్రకటించెను. అది గాజు కాదు. పదార్థమును జూచినచో నిజమైన కెంపే. కాని భూమి కోట్ల యేండ్లలో చేసిన దానిని యంత్రము గంటలలో చేసినది. సూక్ష్మదర్శినిలో చూచినచో దాని లోపలి గీతలు వంపులుగా నుండును. గనిలోని రాతి గీతలు తిన్నగా నుండును. గాజుతో చేసిన నకిలీలలో గుండ్రని గాలిబుడగలు కనిపించును. వెలవెలపోయిన నీలములను కాల్చి రంగు హెచ్చించుటయు కలదు. చేసిన పనిని చెప్పి అమ్మినచో ఇవి యేవియు మోసములు కావు. దాచి అమ్మినపుడే మోసము. కావున గుర్తింపు పొందిన ప్రయోగశాల పత్రము లేనిదే ఖరీదైన రాతిని కొనుట అవివేకము.

ఇంతకంటె పెద్ద మోసము మఱియొకటి కలదు. ఉంగరమున రాయి పొదిగించుకొన్నచో రోగము నయమగుననియు, పరీక్షలో తప్పక కృతార్థులగుదురనియు చెప్పి సొమ్ము గుంజువారు నేడును కలరు. రాయి కాంతిని మార్చగలదు కాని కాలమును మార్చజాలదు. దీనికి దేవరకొండ ప్రాంతమే సాక్ష్యము.

మోస్ కొలబద్దలో నాలుగవ మెట్టున ఫ్లోరైటు అను ఖనిజము కలదు. ఊదా, ఆకుపచ్చ, పసుపు వన్నెలతో అది కంటికి ఇంపుగా నుండును. నల్లరాతిలోని ఫ్లోరైటు, అభ్రకము మొదలగువానియందు ఫ్లోరిను అను మూలకము దాగి యుండును. రాతిపగుళ్ళలో బహుకాలము నిలిచిన నీటిలోనికి అది మెల్లగా దిగును. బోరుబావులు లోతుగా పోయినకొలది జనులు ఆ నీటినే త్రాగవలసి వచ్చెను. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ నిర్ణయించినది. నల్లగొండ జిల్లాలో మునుగోడు, మఱ్ఱిగూడ, దేవరకొండ ప్రాంతములలోని అనేక గ్రామముల నీటిలో అది అంతకు మించి యుండెను. పిల్లల దంతములపై గోధుమవన్నె చారలు పడినవి. పెద్దల యెముకలు వంగినవి, నడుములు బిగిసినవి. నిటారుగా నిలువలేని యువకులు, చేతికఱ్ఱతో నడచు బాలురు ఊరూర కనిపించిరి. ఏ గ్రహపు రాయియు వారి యెముకలను సరిచేయలేదు. అది గ్రహముల దోషము కాదు, నీటి దోషము.

దోషము నీటిదని తెలిసిన పిమ్మటనే మార్గము దొరకినది. పటికను, సున్నమును కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించు విధానమును నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధనసంస్థవారు రూపొందించిరి. అది నల్లగొండ పద్ధతి యను పేర లోకమున ప్రసిద్ధమైనది. తాగునీటికై జనులు ఏండ్లతరబడి ఆందోళనలు చేసిరి. కృష్ణాజలములు శుద్ధి పొంది గొట్టముల ద్వారా పల్లెలకు చేరసాగినవి. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకము వానిని ఇంటింటికిని చేర్చుటకు పూనుకొన్నది. వంగిన యెముక మరల తిన్నగా కాలేదు. కాని మంచినీరు త్రాగుచు పెరుగు పిల్లల యెముకలు వంగవు; వారి దంతములు తెల్లగానే యుండును.

ఒకే కొండ అందమైన రాతిని, హాని చేయు నీటిని కూడ ఇయ్యగలదు. రాతికి మంచిచెడ్డలు తెలియవు; తెలిసికొనవలసినవాడు మనుష్యుడు. వరాహమిహిరుని నాటినుండి నేటివఱకు రత్నపరీక్షకుల విద్య ఒక్కటే: వెలుగును జూచి మోసపోక, లోపల ఏమున్నదో పరిశీలించుట. ఆ విద్య రాతికే కాదు, త్రాగునీటికిని, విన్న మాటకును, నమ్మిన నమ్మకమునకును సరిపడును. రేపు ఉదయము నాగటిచాలులో పలుగురాయి కంటబడినపుడు దానిని చేతికి తీసికొని, ఎండకు పట్టి, ఇది యెట్లు పుట్టినదని ఒక్క క్షణము ఆలోచించు బాలుడు జాతిరాయి దొరకకపోయినను ఆ విద్యకు తొలిమెట్టు ఎక్కినవాడే.